గుర్రపుకనుమ దిగని మనిషి

"అయిదింటికి సంతకం పెట్టేస్తాను భాష్యం. అంతకు మించి నా చేతిలో ఏమీ లేదు."

ఆ మాట అనేసి ఇన్‌స్పెక్టర్ విజయకుమార్ ఫోను పెట్టేశాడు. గురువారం ఉదయం పది దాటి అయిదు నిమిషాలు. హరిచరణ్ కనిపించకుండా పోయి అది నాలుగో రోజు.

ప్రైవేటు డిటెక్టివ్ భాష్యం రిసీవరు కింద పెట్టి, ఎదురుగా కూర్చున్న ఆశ వైపు చూశాడు. హరిచరణ్ భార్య ఆమె. మైలాపూరులో లెక్కల టీచరు. నాలుగు రోజులుగా కంటిమీద కునుకు లేకపోయినా చీర కుచ్చిళ్ళు మాత్రం బడికి బయల్దేరినంత శుభ్రంగా ఉన్నాయి.

"ఏమన్నారు సార్?"

"సాయంత్రం ఫైలు మూసేస్తారట. మీ ఆయన తనంతట తనే ఎక్కడికో వెళ్ళిపోయాడని రాస్తారు."

ఆమె ఏడవలేదు. హ్యాండుబ్యాగులోంచి మడత పెట్టిన కాగితం తీసి బల్లమీద పెట్టింది. ఆదివారం నాటి సైకిలు యాత్రకి క్లబ్బు వాళ్ళు అచ్చువేయించిన రూట్ షీటు అది. పేర్లు, నంబర్లు, వేళలు, అడుగున అవసరమైతే చెయ్యాల్సిన ఫోను నంబరు.

భాష్యం దాన్ని చదవడం అది ఏడోసారి. అయిదుగురు మనుషులు, అయిదు గేరు సైకిళ్ళు. పొద్దున అయిదున్నరకి ఊత్తుకోటలో బయల్దేరాలి. తమిళనాడుకీ ఆంధ్రాకీ మధ్యనున్న కొండలెక్కి, పదకొండింటికి గుర్రపుకనుమ చేరాలి. సరిహద్దు రాళ్ళు పాతింది అక్కడే. పెరుగన్నం తిని, ఆంధ్రా వైపు దిగి, కొండ కింద చెల్లమ్మ కాఫీకొట్టు దగ్గర పుస్తకంలో ఎవరి నంబరు, వేళ వాళ్ళే రాసి, తారురోడ్డు మీద చుట్టుతిరిగి సాయంత్రానికి మళ్ళీ ఊత్తుకోట చేరాలి. తెల్లారిందగ్గర్నుంచి పొద్దుగూకేదాకా సైకిలు మీదే.

ఆ పుస్తకంలో రాసింది ఇదీ. ముందు వెళ్ళిన ముగ్గురూ ఒంటిగంటకి. నాలుగో నంబరు, అంటే హరిచరణ్, రెండూ అయిదుకి. అయిదో నంబరు శ్రీకుమార్, ఆరున్నరకి.

హరిచరణ్ ఊత్తుకోట చేరలేదు. అతని సైకిలు మర్నాడు చెల్లమ్మ కొట్టుకి రెండు కిలోమీటర్ల దూరంలో, తిరుపతి బస్సులు ఆగే చోట గోడకి ఆనించి దొరికింది. పసుపుపచ్చ హెల్మెట్ హ్యాండిలుకి వేలాడుతూ ఉంది.

కొండ దిగినట్టు పుస్తకం చెబుతోంది కాబట్టి కొండమీద ఎవరూ వెతకలేదు. తమిళనాడు పోలీసులు అతను సరిహద్దు దాటిపోయాడన్నారు. ఆంధ్రా పోలీసులు తిరుపతి బస్సెక్కి ఉంటాడన్నారు. ఇద్దరి లెక్కా సరిపోయింది, మనిషే లేడు.

"శనివారం రాత్రి ఆయన అన్న మాట మళ్ళీ చెప్పండమ్మా."

"సోమవారం ఒక చోటికి వెళ్ళి ఒక సంగతి చెప్పాలి, చెప్పేస్తే నిద్రపడుతుంది అన్నారు. ఆరు నెలలుగా ఆయనకి సరిగ్గా నిద్ర లేదు సార్. ఏం సంగతని అడిగితే, సోమవారం నీకూ చెబుతానన్నారు."

"ఇది ఇన్‌స్పెక్టరుకి చెప్పారా?"

"చెప్పాను. తప్పేదో చేసి పారిపోయాడని దాన్నే రాసుకున్నారు."

భాష్యం షీటు మడిచి జేబులో పెట్టుకున్నాడు. చివరిసారి హరిచరణ్‌తో ఉన్నవాడు శ్రీకుమార్. మొదలుపెడితే అక్కడే మొదలుపెట్టాలి.

* * *

శ్రీకుమార్‌కి మైలాపూరులోనే పెళ్ళిపత్రికల ప్రెస్సు ఉంది. సైకిలు క్లబ్బు కార్యదర్శి కూడా అతనే. ముప్ఫై అయిదేళ్ళవాడు, ఒడ్డూపొడుగూ ఉన్నవాడు, పెద్దమనిషి తరహా. కుడి మణికట్టుకి సిమెంటు కట్టు.

"రండి సార్. ఆశ ఎలా ఉంది?"

"మీరే వెళ్ళి చూడొచ్చుగా?"

"ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? జంటగా వెళ్ళినవాళ్ళం, నేనొక్కణ్ణే తిరిగొచ్చాను."

"కనుమ మీద నుంచి ఎన్నింటికి బయల్దేరారు?"

"పన్నెండుంపావు. ఆ ముగ్గురూ అరగంట ముందే దిగిపోయారు."

"చెయ్యి ఎప్పుడు విరిగింది?"

"బయల్దేరిన పది నిమిషాలకే. ఏటవాలు బండ అది. బ్రేకు వేశాను, ముందు చక్రం పట్టేసింది. సైకిలు తలకిందులైంది, నేను దాని ముందు పడ్డాను. కంగారులో ఏది నొక్కానో ఏమో."

"హరిచరణ్ ఎక్కడున్నాడప్పుడు?"

"యాభై గజాలు ముందున్నాడు. అరిచాను. ఆగలేదు."

"ఆగలేదా, వినపడలేదా?"

"నాలుగు రోజులుగా నేనూ అదే ఆలోచిస్తున్నాను సార్." శ్రీకుమార్ కట్టుమీద వేళ్ళు ఆనించి నిమిరాడు. "గంటన్నర బండ నీడన పడుకున్నాను. తర్వాత ఒంటిచేత్తో సైకిలు నెట్టుకుంటూ దిగాను. చెల్లమ్మ కొట్టు చేరేసరికి ఆరున్నర."

"ఆరు గంటల పైన. దారిలో ఎవరూ కనపడలేదా?"

"మే నెల మిట్టమధ్యాహ్నం ఆ కొండమీద కోతులు కూడా ఉండవు."

"సోమవారం హరిచరణ్ ఎవరికి ఏం చెప్పాలనుకున్నాడో మీకు తెలుసా?"

నిమిరే వేళ్ళు ఆగాయి. మళ్ళీ కదిలాయి. "వాడికి చెప్పుకునే కష్టాలు చాలానే ఉండేవి. ఇంట్లో సంగతులు మనం తవ్వకూడదు."

"మీ సైకిలు చూడొచ్చా?"

"పెరంబూరులో ఏళుమలై కొట్లో ఉంది. కడిగి పెట్టమన్నాను. హరిదీ అక్కడే ఉంది, స్టేషనువాళ్ళు ఇచ్చేస్తే ఆశ అక్కడ పెట్టించింది. చూడండి. ఏం ఉపయోగమో గానీ." గడియారం చూసి లేచాడు. "నేను మళ్ళీ కొండ దగ్గరికే బయల్దేరుతున్నా సార్. పోలీసులు వదిలేసినా మేం వదలం."

మెట్లు దిగుతుంటే భాష్యానికి ఆ మాట బాగానే అనిపించింది. మరీ బాగా ఉంది, అదే నచ్చలేదు.

ముందు దిగిన ముగ్గురినీ మధ్యాహ్నం రెండులోపు వాళ్ళ వాళ్ళ ఆఫీసుల్లో పట్టుకున్నాడు. ముగ్గురిదీ ఒకే మాట. కనుమ మీద హరి, శ్రీకుమార్ దూరంగా కూర్చుని ఏదో తగువులాడుకుంటున్నారు. తాము దిగేశారు. ఒంటిగంటకి పుస్తకంలో రాసేసి ఆగకుండా రోడ్డెక్కారు. తర్వాత ఏం జరిగిందో తెలీదు.

ఏం తగువు? వినలేదు. వినాలనిపించలేదు. స్నేహితులన్నాక మామూలే కదా సార్.

* * *

ఏళుమలై కొట్టు రైల్వే క్వార్టర్ల వెనక సందులో ఉంది. వాకిట్లో సిమెంటు వాలు. అతని ముత్తాతలెప్పుడో నెల్లూరు నుంచి దిగారు. పేరూ, సగం మాటలూ అరవమైపోయినా మిగతా సగం ఇంకా తెలుగే.

"ఈడ రెండు బండ్లూ పెట్టినా సార్. పచ్చది శ్రీకుమార్ అన్నది. నల్లది హరి అన్నది."

భాష్యం ముందు పచ్చ సైకిలు చూశాడు. మోకాళ్ళ మీద కూర్చుని అంగుళం అంగుళం చూశాడు. హ్యాండిలు, పెడళ్ళు, సీటు అంచు, బ్రేకు పిడులు. తళతళలాడుతోంది.

"దీనికేం రిపేరు చేశావ్?"

"రిపేరు యాడిది సార్? కడగమన్నాడు, కడిగినా. చైనుకి ఆయిలు వేసినా. అంతే."

"గీతలు పోవడానికి రంగేమైనా పూశావా?"

"గీత ఉంటే కదా పూసేదానికి."

భాష్యం లేచాడు. నడుం పట్టేసింది. ఏటవాలు బండమీద తలకిందులైన సైకిలుకి ఒక్క గీత లేదు.

నల్లదాని దగ్గరికి వెళ్ళాడు. కుడి బ్రేకు పిడి లోపలికి వంగి ఉంది. కుడివైపు రబ్బరు పట్టు చివర చిరిగి, ఆ చిరుగులో తెల్లటి రాతిపొడి ఇరుక్కుని ఉంది. సీటు వెనకభాగం చీరుకుపోయింది.

"ఇవి ముందునుంచీ ఉన్నాయా?"

ఏళుమలై వంగి చూసి నాలిక కరుచుకున్నాడు. "ఇది నేను చూడలా సార్. గోనెపట్టా కప్పి మూలన పెట్టేసినా. శనివారం సాయంత్రం నా చేత్తో సర్వీసు చేసి ఇచ్చిన బండి ఇది. అప్పుడు అద్దంలాగా ఉండె."

అంటే కొండమీద పడింది ఈ సైకిలు. హరిచరణే పడి ఉండొచ్చు కదా? భాష్యం సైకిలుని సందులోకి తీసుకెళ్ళి ఎక్కాడు. ఇరవై ఏళ్ళయింది సైకిలెక్కి. నాలుగు తొక్కులు తొక్కి, వెనక్కి తిప్పి, కొట్టు వాలుమీద కిందికి వదిలాడు. ఎదురుగా కాలవ. చిన్నప్పట్నుంచీ చేతికున్న అలవాటు ప్రకారం వెనక బ్రేకని ఎడమచేత్తో గట్టిగా నొక్కాడు.

ముందు చక్రం దిమ్మలా ఆగిపోయింది. వెనక చక్రం గాల్లోకి లేచింది. సీటు వీపుకి తగిలింది. ఏళుమలై పరుగెత్తుకొచ్చి చొక్కా పట్టుకోకపోతే డిటెక్టివ్‌గారు కాలవలో ఉండేవారు.

"చెప్పేలోపల ఎక్కేస్తిరి," అన్నాడు ఏళుమలై నవ్వు ఆపుకుంటూ. "ఇది జర్మనీ బండి సార్. ఆ ఊరి ఇంజినీరు ఒకాయన దేశం పోతా పోతా హరి అన్నకి అమ్మేసె. మన బండ్లకంతా కుడిచెయ్యి ముందుచక్రం, ఎడమచెయ్యి వెనకచక్రం. దీనికి తిరగబడి ఉంటుంది. వైర్లు మార్చి మన లెక్కకి పెడతానంటే హరి అన్న ఒప్పుకోలా. మూడేళ్ళుగా నా చేతికి ఇదే అలవాటైపోయె, ఉండనీ అన్నాడు."

"వేరేవాళ్ళు ఎక్కితే?"

"ఇప్పుడు మీరు పడబోయినట్టే పడతారు. అందుకే ఎవురికీ ఇయ్యడు."

"శ్రీకుమార్ ఎప్పుడైనా ఎక్కాడా?"

"ఆయన కారున్నోడు సార్, అడిగి తీసుకునే రకం కాదు."

భాష్యం వాలు మీదే కూర్చుండిపోయాడు. ఊపిరి ఇంకా కుదుటపడలేదు. పడ్డ సంగతిలో మాత్రం శ్రీకుమార్ అబద్ధం ఆడలేదు. బ్రేకు వేశాడు, ముందు చక్రం పట్టేసింది, తలకిందులై మణికట్టు విరిగింది. ఏ బ్రేకు నొక్కాడో తెలియలేదన్నదీ నిజమే. ఏ సైకిలు మీదున్నాడో అది ఒక్కటే చెప్పలేదు.

"ఏళుమలై, వాళ్ళిద్దరికీ మధ్య ఏమైనా గొడవుందా?"

ఏళుమలై చేతిగుడ్డతో వేళ్ళు తుడుచుకున్నాడు. "గొడవని కాదు. డిసెంబరులో ఒకనాడు పొద్దున ఆరింటికి కారేసుకుని ఈడికి వచ్చిరి. వెనక సైకిళ్ళు పెట్టే స్టాండు నేనే చేసిచ్చింది, అది ఊడిపోయుండె. ముందు లైటు పగిలి ఉండె. గేదెను గుద్దినాం, స్టాండు వెల్డింగు పెట్టు అన్నాడు శ్రీకుమార్ అన్న. హరి అన్న కాలవ దగ్గర కూర్చుని వాంతి చేసుకుంటా, ఏడస్తా ఉండె. గేదె కోసం ఎవురన్నా అట్ల ఏడుస్తారా సార్?"

* * *

మూడుంపావుకి పోలీసు జీపు సందు మొదట్లో ఆగింది. ఇన్‌స్పెక్టర్ విజయకుమార్ దిగాడు. వెనక ఆశ. ఫైలు మూసేముందు ఆమెకి తెలియజేసినట్టు సంతకం కావాలి. ఆ సంతకం ఈ కొట్లో, భాష్యం ఎదురుగా పెడతానని ఆమె పట్టుబట్టింది.

విజయకుమార్, భాష్యం ఒకే బ్యాచిలో ట్రైనింగు అయ్యారు. ఒకడు డిపార్టుమెంటులో ఉండిపోయాడు, ఒకడు బయటికొచ్చేశాడు. ఆ లెక్క ఇద్దరి మధ్యా ఇంకా తెగలేదు.

"ఏం పా, డిటెక్టివ్ పని మానేసి పంచర్లు వేస్తున్నావా?"

"నీ కేసుకి పడ్డ పంచరే వెతుకుతున్నా. రా, చూపిస్తా."

"నాకు టైము లేదు."

"నాకూ లేదు. హరిచరణ్‌కి అసలు లేదు. అయిదు నిమిషాలు."

భాష్యం గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. గీతలేని సైకిలు, గీతలున్న సైకిలు, తిరగబడ్డ బ్రేకులు. విజయకుమార్ పచ్చదాన్నీ నల్లదాన్నీ మార్చి మార్చి చూశాడు.

"హరిచరణే పడుంటాడు. ఎవడైనా పడతాడు."

"మూడేళ్ళు తొక్కినవాడు పడ్డాడనుకో. మరి శ్రీకుమార్ దేనిమీంచి పడ్డాడు? అతని చెయ్యి విరిగింది, అతని సైకిలుకి దుమ్ము కూడా రాలలేదు."

"ఒక మనిషి రెండు సైకిళ్ళు ఎట్లా దింపుతాడయ్యా?"

"విడివిడిగా. పన్నెండుంపావుకి కనుమ మీద ఇద్దరే ఉన్నారు. హరిని ఏదో చేశాడు. తోశాడో, కొట్టాడో. హరి హెల్మెట్ పెట్టుకుని, హరి సైకిలెక్కి దిగాడు. దారిలో పడ్డాడు, చెయ్యి విరిగింది. అయినా ఆగకుండా రెండూ అయిదుకి చెల్లమ్మ కొట్టు దగ్గర నాలుగో నంబరు రాశాడు. సైకిలు బస్టాండులో వదిలేశాడు. కాలిదోవన మళ్ళీ పైకెక్కాడు. రెండున్నర గంటలు వేసుకో. అయిదింటికల్లా కనుమ మీద ఉన్నాడు. తన సైకిలు నెట్టుకుంటూ ఆరున్నరకి కిందికొచ్చి అయిదో నంబరు రాశాడు. పుస్తకం నమ్మి మీరు కొండని వదిలేశారు."

"కారణం?"

"డిసెంబరులో అతని కారు ఏదో గుద్దింది. పక్కన హరి ఉన్నాడు. గేదె అన్నారట."

విజయకుమార్ మొహంలో వెటకారం పోయింది. "డిసెంబరులో ఎప్పుడు?"

"రెండో ఆదివారం సార్," అన్నాడు ఏళుమలై. "ఆ రోజు నాకు పెళ్ళికి పోవాల్సి ఉండె, అందుకే గుర్తు."

"తొండియార్‌పేట," అన్నాడు విజయకుమార్ మెల్లగా. "చిన్నసామి. హార్బరు కూలి. తెల్లారి అయిదున్నరకి డ్యూటీకి పోతుంటే గుద్దేసి పోయారు. రోడ్డుమీద గాజుముక్కలు తప్ప ఏమీ దొరకలేదు. ఆ ఫైలు కూడా నేనే మూశాను."

సోమవారం హరిచరణ్ వెళ్ళదలచుకున్న చోటేదో, చెప్పదలచుకున్న సంగతేదో ఆశకి అప్పుడు తెలిసింది. ఆమె పక్కనున్న స్టూలు మీద కూర్చుంది.

విజయకుమార్ భాష్యాన్ని పక్కకి లాగి గొంతు తగ్గించాడు. "నువ్వు చెప్పిందంతా నిజమే అనుకో. మే నెల కత్తిరి ఎండ. దెబ్బలు తిన్న మనిషి. నాలుగు రోజులు. ఇప్పుడు కొండ ఎక్కి ఏం తెస్తావ్?"

"ఏది దొరికితే అది."

"ఇదంతా నీ ఊహ. దీంతో నేను ఆంధ్రా కొండమీదికి మనుషుల్ని పంపలేను. రేపు నన్ను నిలదీసి అడుగుతారు. ఒక్క సాక్షి, కళ్ళతో చూసిన సాక్షి ఇవ్వు."

"నాలుగో నంబరు రాసినవాణ్ణి చూసిన మనిషి ఉంది. నువ్వు ఆమెని ఏమడిగావ్?"

"మన వాళ్ళు అడిగారు. పసుపుపచ్చ హెల్మెట్ మనిషి వచ్చాడా అని. వచ్చాడంది."

"టోపీ సంగతి అడిగారు. తల సంగతి అడగలేదు."

* * *

పక్కనే ఎస్టీడీ బూతు. అద్దాల గదిలో ఇద్దరికి చోటు చాలదు, అయినా విజయకుమార్ రిసీవరుకి చెవి ఆనించి ఇరుక్కుని నిలబడ్డాడు. రూట్ షీటు అడుగునున్న నంబరు చెల్లమ్మ కొట్టు పక్క బూతుది. నాలుగుసార్లు తిప్పితే కలిసింది. బూతువాడు ఆమెని పిలిచేసరికి మూడూ నలభై అయింది.

"ఎవురు సార్?"

"చెన్నై నుంచి. ఆదివారం పసుపు టోపీ పెట్టుకుని సైకిలుమీద వచ్చినాయన సంగతమ్మా."

"పోలీసోళ్ళకి చెప్పినా కదా. వొచ్చినాడు, రాసినాడు, పోయినాడు."

"ఏ చేత్తో రాశాడు?"

"ఎడమచేత్తో. కుడిచెయ్యి కడుపుకి ఆనించుకోనుండె. వాచిపోయి నల్లగా ఉండె సార్. రెండో వేలికి పచ్చరాయి ఉంగరం, అది వాపులో దిగబడిపోయుండె. పసుపు పెడతా రాప్పా అంటే పలకలా. మొహానికి గుడ్డ చుట్టుకోనుండె, దుమ్మని."

భాష్యం విజయకుమార్ వైపు చూశాడు. వేళ్ళకి ఉంగరాలు పెట్టే అలవాటు హరిచరణ్‌కి ఉందో లేదో ఆశని అడగడానికి అతను అప్పటికే తలుపు తోశాడు. "లేదు," అన్న ఆమె గొంతు లోపలికి వినిపించింది. "పెళ్ళి ఉంగరం కూడా పెట్టుకోరు. శ్రీకుమార్‌గారికి ఉంది, పచ్చది."

విజయకుమార్ ఫైలులోంచి మూసివేత కాగితం తీసి నాలుగు మడతలు మడిచి జేబులో కుక్కుకున్నాడు.

"సాయంత్రం ఆరున్నరకి ఇంకొకాయన సైకిలు నెట్టుకుంటూ వచ్చాడు కదమ్మా?"

"ఆ, ఆయప్ప. చెయ్యంతా గుడ్డ చుట్టుకోనొచ్చె. కట్టు సారు. ఇప్పుడు నాలుగు దినాలుగా తిరగతానే ఉండాడు, పాపం, స్నేహితుని కోసరం. మంగళవారం గూడా ఈ సారుకే చెప్పినా, కొండమీద ఈల వినిపించతా ఉండాదని."

భాష్యం చేతిలో రిసీవరు చెవికి ఒత్తుకుంది. "ఏం ఈల?"

"ఆ సైకిలోళ్ళ మెడలో ఉంటాది కదా సార్, ఆ ఈల. ఊటబండ తట్టు నుంచి. సోమవారమూ వినిపించె, మంగళవారమూ వినిపించె. అది మావాళ్ళే, వెతకతా ఊదతా ఉండారు అన్నాడు. నేనూ సరేలే అనుకున్యా."

కొండమీద ఎవరూ వెతకలేదు. ఒక్కరోజు కూడా.

"ఊటబండ దగ్గర నీళ్ళుంటాయా?"

"బండ కింద తడి ఊరతానే ఉంటాది. మేకలు తాగేంత."

"నిన్న వినిపించిందా?"

"నిన్న లేదు సార్."

విజయకుమార్ కళ్ళు మూసుకున్నాడు. భాష్యం అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది. అడగాలని లేదు.

"ఈరోజు?"

"పొద్దున ఒక తూరి. సన్నగా. పిట్టేమో అనుకుంటి, పిట్ట కాదు. ఆ మాటే కట్టు సారుకి చెప్పినా, ఇందాక వొచ్చినప్పుడు."

"ఇందాకంటే ఎప్పుడమ్మా?"

"రెండున్నర అయ్యుంటాది. కారు ఈడనే ఉండాది, డ్రైవరు నిద్రపోతా ఉండాడు. ఆయప్ప ఒక్కడే పోయినాడు పైకి. దోవలో ముండ్లకంపలు కొట్టాలని మా కొడవలి అడిగినాడు, ఇచ్చినా."

"చెల్లమ్మా, అక్కడ మగవాళ్ళెవరైనా ఉన్నారా? గట్టివాళ్ళు?"

"ఈ ఎండలో ఎవురుంటారు సార్? మా మామ ఉండాడు, ఆయనకి నడక లేదు. ఏం సార్, ఎందుకు?"

"డ్రైవరుని లేపు. ఎవరు దొరికితే వాళ్ళని కేకెయ్యి. పైకి పోయినవాడు మంచివాడు కాదని చెప్పు. కొండ కింద నిలబడి డబ్బా కొట్టండి, అరవండి, ఏదైనా చెయ్యండి. కింద మనుషులున్నారని వాడికి తెలియాలి."

అవతల ఫోను కింద పడ్డ చప్పుడు. పరుగెడుతున్న చెప్పుల చప్పుడు. తర్వాత గరగర.

విజయకుమార్ బూతు బయట జీపు వైర్‌లెస్ పట్టుకున్నాడు. కంట్రోలు రూము ద్వారా తిరువళ్ళూరు, అక్కడినుంచి ఆంధ్రా వాళ్ళకి. ఆ మాట సరిహద్దు దాటి కొండ కిందున్న అవుట్‌పోస్టుకి చేరేసరికి ఎంతసేపవుతుందో అతనికి తెలుసు. ఆ అవుట్‌పోస్టులో ఉండేది ఇద్దరు కానిస్టేబుళ్ళేనని కూడా తెలుసు.

"కాలిదోవన పైకి రెండున్నర గంటలన్నావు," అన్నాడు తల తిప్పకుండా.

"అవును. అయిదింటికి."

"మనం ఆ కొట్టు దాకా చేరాలంటేనే ఆరవుతుంది."

"అవును."

"ఎక్కు."

భాష్యం కదల్లేదు. ఆశ ఎదురుగా నిలబడి ఉంది. అద్దం వెనక జరిగిన మాటలు ఆమెకి వినపడలేదు. ఇద్దరి మొహాలు మాత్రం చూసింది.

"చెప్పండి సార్. ఎలాంటిదైనా వింటాను. నాలుగు రోజులుగా అన్నీ అనుకునే ఉన్నాను."

ఈ వృత్తిలో పద్దెనిమిదేళ్ళలో ఎంతమంది ఆడవాళ్ళకి చావు కబురు చెప్పాడో భాష్యానికి లెక్కలేదు. ఆ మాటలు నోటికి వచ్చు. ఇప్పుడు చెప్పాల్సింది అది కాదు.

"ఈరోజు పొద్దుటిదాకా బతికే ఉన్నాడమ్మా."

ఆమె మొహంలోకి వెలుగు ఒక్కసారిగా రాలేదు. ముందు పెదవులకి వచ్చింది, తర్వాత కళ్ళకి. మిగతా సగం, కొడవలితో పైకెక్కుతున్నవాడి సంగతి, వినడానికి ఆమె ఆగలేదు. ఏళుమలై కొట్లోకి పరుగెత్తింది. జీపు హారను రెండుసార్లు మోగింది. విజయకుమార్ ఇంజను స్టార్టు చేసేశాడు.

భాష్యం లోపలికి వెళ్ళాడు. రైల్వే క్వార్టర్ల వైపు నుంచి నాలుగు గంటల సైరను మోగింది. ఆశ మట్టికుండ మీదికి వంగి, నల్ల సైకిలుకున్న సీసా ఊడదీసి, అందులోకి నీళ్ళు ముంచుతోంది.

"ఒక్క నిమిషం సార్," అంది తలెత్తకుండా. "ఆయనకి చాలా దాహంగా ఉండి ఉంటుంది."